హైదరాబాద్‌లో సర్కారు చదువు: మంచి సీట్లన్నీ ఐదో తరగతి దగ్గరే

ఏటా జూన్‌లో బడిబాట పేరుతో సర్కారు బడి టీచర్లు హైదరాబాద్ బస్తీల్లో ఇల్లిల్లూ తిరుగుతారు. కరపత్రాలు పంచుతారు, గేటుకు ఫ్లెక్సీ కడతారు, ఐదేళ్లు నిండిన పిల్లల పేర్లు రాసుకుంటారు. చాలా గుమ్మాల దగ్గర దాదాపు ఒకే జవాబు వస్తుంది: "మావాడు యూకేజీ అయిపోయాడు మేడం, అక్కడే ఒకటో తరగతికి ఫీజు కూడా కట్టేశాం." బడిబాట మొదలయ్యే నాటికే ఆ పిల్లవాడి చదువు నిర్ణయమై రెండు మూడేళ్లు దాటిపోయి ఉంటుంది. మూడో ఏట వీధి చివరి ప్రైవేటు స్కూల్లో నర్సరీలో చేర్పించిన రోజునే అది ఖాయమైంది. ఆ వయసు పిల్లలకు సర్కారు దగ్గర అంగన్‌వాడీ తప్ప మరో గది దాదాపు ఎక్కడా లేదు.

సర్కారు చదువులో హైదరాబాద్ కుటుంబాలకు దారులే లేవనడం సరికాదు. కాలనీ పక్కనున్న ప్రాథమిక పాఠశాల, పాత పేరున్న ఉన్నత పాఠశాలలు, కేంద్రీయ విద్యాలయాలు, నాలుగైదు రకాల గురుకులాలు, హాస్టళ్లు, ఆడపిల్లలకు కస్తూర్బా విద్యాలయాలు, చివరికి ప్రభుత్వం ఫీజు కట్టి ప్రైవేటు స్కూల్లో చదివించే పథకాలు కూడా ఉన్నాయి. అయితే తల్లిదండ్రులు వెతికే వేళకు ఇవి కనిపించవు, కనిపించే వేళకు పిల్లవాడు మరో చోట కుదురుకుని ఉంటాడు. సర్కారు తన డబ్బులో, శ్రద్ధలో పెద్ద భాగం గురుకులాల్లో చేరే ఐదో తరగతి మెట్టు దగ్గర పెట్టింది. నగరంలో తల్లిదండ్రులు మాత్రం మూడేళ్ల వయసు దగ్గరే తేల్చేసుకుంటున్నారు. మిగతా చిక్కుల్లో చాలావరకు ఈ తేడాలోంచి పుట్టినవే.

ముందుగా నగరం సంగతి చూడాలి. హైదరాబాద్ అని అందరూ పిలిచే ఊరు నిజానికి ఒక్క జిల్లాలో లేదు. చార్మినార్, నాంపల్లి, సికింద్రాబాద్ హైదరాబాద్ జిల్లాలో ఉంటే, ఎల్బీనగర్, శేరిలింగంపల్లి రంగారెడ్డిలో, కూకట్‌పల్లి, మల్కాజిగిరి, ఉప్పల్ వైపు మేడ్చల్-మల్కాజిగిరిలో, పటాన్‌చెరు సంగారెడ్డిలో ఉన్నాయి. హైదరాబాద్ జిల్లాలో ఒక్క గ్రామమూ లేదు కాబట్టి జిల్లా పరిషత్తూ లేదు. అక్కడి బడి బోర్డు మీద 'ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల' అనో 'ప్రభుత్వ ఉన్నత పాఠశాల' అనో ఉంటుంది. ఐటీ టవర్ల నడుమ ఉన్న కొండాపూర్‌లో మాత్రం ఇప్పటికీ 'జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల' బోర్డే వేలాడుతుంది. ఊరు నగరమైపోయినా బడి రికార్డుల్లో పల్లెగానే మిగిలిపోయింది.

విజయవాడ, విశాఖపట్నంలో చాలాకాలం కార్పొరేషనే సొంతంగా బడులు నడిపింది. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ బాధ్యతను విద్యాశాఖకు అప్పగించినా, 'మున్సిపల్ స్కూలు' అన్న పేరు జనం నోట్లో ఇంకా ఉంది. హైదరాబాద్‌లో ఆ సంప్రదాయమే లేదు. రోడ్డు గుంత గురించి కార్పొరేటర్‌ను నిలదీసే బస్తీవాళ్లు, బడి పైకప్పు కారుతుంటే ఎవర్ని అడగాలో తెలియక హెడ్‌మాస్టర్ (హెచ్‌ఎం) గదిలోనే ఆగిపోవడానికి ఇదీ ఒక కారణం.

జిల్లా హద్దు మరో చోట కూడా పని చేస్తుంది. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం తెలంగాణలో ఉద్యోగాలకు స్థానికత తేలేది ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కడ చదివారన్న దాన్ని బట్టే. ప్రధాన రోడ్డు దాటి అవతలి బడిలో వేస్తే ఆ పిల్ల రేపు మరో జిల్లా అభ్యర్థి కావచ్చు. ఏ వైపున చేర్పించినా ఒకటి నుంచి ఏడు వరకు బోనఫైడ్ సర్టిఫికెట్లు ఏ ఏడాదికి ఆ ఏడాది తీసి దాచుకోవాలి. చిన్న ప్రైవేటు స్కూళ్లు మూతపడిపోతే తర్వాత వాటిని వెతుక్కోవడం ఎంత ఇబ్బందో ఉద్యోగాల సర్టిఫికెట్ వెరిఫికేషన్ రోజున తెలిసి వస్తుంది.

ఇంటి దగ్గరి సర్కారు బడిలో చేర్చడం నిజానికి అన్నిటికన్నా తేలిక. ప్రవేశ పరీక్ష, ఇంటర్వ్యూ, ఫీజు, డొనేషన్ ఏవీ ఉండవు. పుస్తకాలు, యూనిఫాం ఉచితం. మధ్యాహ్న భోజనంలో ఎనిమిదో తరగతి వరకు కేంద్రం వాటా ఉంటుంది, తొమ్మిది, పది తరగతులకు రాష్ట్రం సొంత డబ్బుతో పెడుతుంది. 2015 జనవరి నుంచి సన్నబియ్యం ఇస్తున్నారు. నగరంలో చాలా బడులకు భోజనం పెద్ద వంటశాలల నుంచి వ్యాన్లలో వస్తుంది. వయసు రుజువు లేదనో, విద్యా సంవత్సరం మధ్యలో వచ్చారనో కాదనడానికి విద్యాహక్కు చట్టం ఒప్పుకోదు. వయసుకు తగిన తరగతిలో కూర్చోబెట్టాల్సిందే. పాత స్కూలు టీసీ ఆలస్యమైనా చేర్చుకోవాలని కూడా చట్టంలో ఉంది.

ఆచరణలో టీసీ కన్నా పెద్ద తలనొప్పి కంప్యూటర్‌లో ఉంది. పిల్లవాడి పేరు బడి పిల్లల వివరాలు నమోదయ్యే యూడైస్ పోర్టల్‌లో పాత ప్రైవేటు స్కూలు ఖాతాలో ఉంటుంది. వాళ్లు అక్కడ వదిలితేనే కొత్త బడి తన ఖాతాలోకి తీసుకోగలదు. ఫీజు బకాయి ఉంటే ఆ స్కూలు వదలడానికి ఇష్టపడదు. పిల్లవాడు తరగతిలో కూర్చుని అన్నం తింటూ పాఠం వింటుంటాడు, లెక్కల్లో మాత్రం ఇంకా పాత స్కూలు విద్యార్థే. ఇలాంటప్పుడు హెచ్‌ఎంతో మొర పెట్టుకుని ఆగకుండా పై విద్యాధికారి కార్యాలయానికి రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వడం మేలు. నోటి మాటకు అక్కడ విలువ తక్కువ.

ఇంత తేలికైనప్పుడు జనం ఎందుకు పోవడం లేదు? బాత్రూమ్‌లు, ప్రహరీ, బెంచీలు అనే జవాబు అందరికీ వచ్చు. అందులో నిజం ఉంది. అద్దె ఇళ్లలో నడిచే బడులు, ఒకే ఆవరణలో ఒకదాని పక్కన ఒకటి కిక్కిరిసిన రెండు మూడు బడులు ఈ నగరంలో కొత్త కాదు. 2022లో మన ఊరు-మన బడి, నగరంలో మన బస్తీ-మన బడి, ఆ తర్వాత 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు మరమ్మతుల కోసం వచ్చినవే. కానీ గోడలకు రంగులు వేసినా తీరని చిక్కు మరొకటి ఉంది. అది టీచర్ల లెక్క.

విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది వరకు పిల్లలుంటే ఇద్దరు టీచర్లు. 60 దాటితే ముగ్గురు, 90 దాటితే నలుగురు. 40 మంది పిల్లలున్న బస్తీ బడినే తీసుకుందాం. లెక్క ప్రకారం ఇద్దరు టీచర్లు సరిపోయినట్టే. కానీ అక్కడ ఐదు తరగతులున్నాయి. ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఇంగ్లిష్, గణితం. మూడు, నాలుగు, ఐదు తరగతులకు వీటితో పాటు పరిసరాల విజ్ఞానం. కలిపి చూస్తే 18 సబ్జెక్టులు, ఇద్దరు మనుషులు. ఒక గదిలో ఒకటి, రెండు తరగతులు, ఇంకో గదిలో మిగతా మూడు. ఐదో తరగతి వాళ్లకు భిన్నాలు చెబుతుంటే మూడో తరగతి వాళ్లు ఎక్కాలు రాసుకుంటూ ఉండాలి, నాలుగో తరగతి వాళ్లు పాఠం చూసి రాయాలి. ఇద్దరిలో ఒకరు సెలవు పెట్టారో, మీటింగ్‌కు వెళ్లారో, ఆ రోజు ఐదు తరగతులూ ఒకే గదిలో కూర్చుంటాయి. నగరంలో ఓటరు జాబితా పనులూ, సర్వేలూ టీచర్ల నెత్తిన పడటం మామూలే. 2024 నవంబర్‌లో జరిగిన ఇంటింటి సర్వేకు ప్రాథమిక టీచర్లను దించి, ఆ రోజుల్లో బడిని ఒంటిపూటకు కుదించారు.

గేటు దగ్గర నిలబడి చూసే తల్లికి ఇదంతా తెలియదు. తరగతికో గది లేదు, తరగతికో మేడం లేదు, అంతే కనిపిస్తుంది. ఎదురుగా మూడంతస్తుల అద్దె భవనంలో నడిచే ప్రైవేటు స్కూల్లో ఇంటర్ పాసై తక్కువ జీతానికి వచ్చిన అమ్మాయైనా సరే, తరగతికి ఒకరుంటారు. అర్హతలో సర్కారు టీచర్ ఎక్కువ. టెట్ అనే అర్హత పరీక్ష రాసి, డీఎస్సీ నియామకాల్లో నెగ్గి వచ్చిన మనిషి. అయినా తల్లి లెక్కలో తరగతికో టీచర్ ఉన్న స్కూలే గెలుస్తుంది. ఈ లెక్క తప్పని కొట్టిపారేయలేం. పిల్లలు తగ్గితే టీచర్ల పోస్టులు తగ్గుతాయి, టీచర్లు తగ్గితే ఇంకొందరు పిల్లలు పోతారు. ఈ సుడి నుంచి బయటపడాలంటే బడి ఏదో ఒక దశలో పిల్లల సంఖ్యను బాగా పెంచుకోవాలి. 2024 డీఎస్సీలో 11,062 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. అంతకు ముందు పెద్ద నియామకం 2017 నాటిది. ఆ మధ్య ఏళ్లలో ఎంతమంది పిల్లలు ఎదురింటి స్కూలుకు మారి ఉంటారో ఊహించుకోవచ్చు.

కాబట్టి సర్కారు బడి చూసుకునే కుటుంబం మొదట అడగాల్సింది బడిలో ఎంతమంది పిల్లలున్నారు, ఎంతమంది టీచర్లున్నారు అని. భవనం సంగతి ఆ తర్వాత. రెండు బడులు నడక దూరంలో ఉంటే పిల్లలు ఎక్కువగా ఉన్న దాన్నే ఎంచుకోవడం మంచిది, అది కాస్త పాతబడ్డ భవనమైనా సరే. హైస్కూళ్లలో ఈ చిక్కు తక్కువ. అక్కడ సబ్జెక్టుకో టీచర్ ఉంటారు. గన్‌ఫౌండ్రీలోని ఆలియా, మహబూబియా లాంటి నిజాం కాలం నాటి పాఠశాలల పేర్లు ఇప్పటికీ పాత హైదరాబాదీలు గర్వంగా చెప్పుకుంటారు. నేటి మధ్యతరగతి వాళ్లు వాటి ముందు నుంచే కార్లలో పోతూ లోపల బడి నడుస్తోందని కూడా గమనించరు.

మీడియం సంగతికి వస్తే, ఇంగ్లిష్ లేదన్న సాకు ఇప్పుడు చెల్లదు. ఉమ్మడి రాష్ట్రంలో 2008లోనే హైస్కూళ్లలో సమాంతరంగా ఇంగ్లిష్ మీడియం సెక్షన్లు మొదలయ్యాయి. తెలంగాణలో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది తరగతుల వరకు, తర్వాత వరుసగా తొమ్మిది, పదికీ ఇంగ్లిష్ మీడియం వచ్చింది. దీనికోసం ద్విభాషా పాఠ్యపుస్తకాలు వేశారు. పుస్తకం తెరిస్తే ఎదురెదురు పేజీల్లో ఒకే పాఠం, ఒకే బొమ్మ. ఒక వైపు ఇంగ్లిష్, మరో వైపు తెలుగు. టీచర్ ఇంగ్లిష్ వాక్యం చదివి తెలుగులో వివరిస్తారు, పిల్లలు వేలు పెట్టి రెండు పేజీలూ చూస్తారు. ఆలోచన బాగుంది, పుస్తకం పేజీలే రెట్టింపయ్యాయి. అయితే నగరంలోని సర్కారు బడిలో కూర్చునే పిల్లల్లో చాలామందికి ఈ తెలుగు పేజీ కూడా పరాయిదే. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్లు, భవన నిర్మాణ కూలీలు, చిన్న ఫ్యాక్టరీల కార్మికుల పిల్లలు బీహార్, ఒడిశా, మహారాష్ట్ర, కర్ణాటక నుంచి వచ్చినవాళ్లు. పాతబస్తీలో ఉర్దూ మీడియం బడులున్నాయి, అక్కడి లెక్క వేరు. ఇంట్లో హిందీయో ఒడియానో మాట్లాడే పిల్లకు తెలుగు, ఇంగ్లిష్ రెండూ ఒకేసారి కొత్త. ఈ పిల్లలకు ఏ పద్ధతిలో చెప్పాలో శిక్షణ ఇచ్చే ఏర్పాటు ఉంటే నగర బడుల రూపు మారేది.

కొవిడ్ కాలంలో ఒక వింత జరిగింది. స్కూళ్లు మూసి ఉన్నా ఫీజులు అడగడం, ఉద్యోగాలు పోవడం కలిసి 2021-22లో తెలంగాణలో లక్షకు పైగా పిల్లలు ప్రైవేటు నుంచి సర్కారు బడులకు మారారు. ఏళ్ల తరబడి బడిబాటలు తేలేని పిల్లలు తమంతట తామే వచ్చి గేటు దగ్గర నిలబడ్డారు. కానీ అదనపు గదులు, అదనపు టీచర్లు వెంటనే రాలేదు. పరిస్థితి చక్కబడగానే చాలామంది తిరిగి వెళ్లిపోయారు. చేతికందిన అవకాశం చేజారిందనే చెప్పాలి.

కేంద్రీయ విద్యాలయాల (కేవీల) దగ్గర కథ తిరగబడుతుంది. ఇక్కడ పిల్లల కొరత లేదు, ఉన్నది సీట్ల కొరత. పికెట్, బేగంపేట, తిరుమలగిరి, గోల్కొండ, ఉప్పల్, గచ్చిబౌలి వంటి చోట్ల కేవీలున్నాయి. కంటోన్మెంట్, రక్షణ సంస్థలు, కేంద్ర కార్యాలయాలు ఎక్కువగా ఉన్న నగరం కాబట్టి ఇన్ని వచ్చాయి. అదే కారణంతో బయటివాళ్లకు సీటు దొరకదు కూడా. ప్రాధాన్య క్రమంలో కేంద్ర ఉద్యోగుల పిల్లలు మొదట, కేంద్ర స్వయంప్రతిపత్తి సంస్థలు, ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగుల పిల్లలు తర్వాత, రాష్ట్ర ఉద్యోగులు ఆ తర్వాత. ఏ సర్కారు ఉద్యోగమూ లేని సామాన్యుడి వంతు ఐదోది. ఎంపీలకు ఉన్న పది సీట్ల సిఫార్సు కోటా 2022లో రద్దయింది, కాబట్టి ఎవరి చుట్టూ తిరిగినా లాభం లేదు.

ఆటో నడిపే కుటుంబానికి, టైలర్ కుటుంబానికి కేవీలో నిజంగా అందుబాటులో ఉన్న ద్వారం ఒక్కటే. ఒకటో తరగతిలో నాలుగో వంతు సీట్లను విద్యాహక్కు చట్టం కింద చుట్టుపక్కల ఉండే ఎస్సీ, ఎస్టీ, బీసీ, పేద, దివ్యాంగ పిల్లలకు డ్రా తీసి ఇస్తారు. వాళ్లకు ఫీజు ఉండదు. మిగతావాళ్లకైనా నెలకు కట్టేది కొన్ని వందలే. దరఖాస్తు ఆన్‌లైన్‌లో, సాధారణంగా మార్చి ప్రాంతంలో. కుల, ఆదాయ సర్టిఫికెట్లు, ఇంటి చిరునామా రుజువు అప్పటికే చేతిలో ఉండాలి. మార్చిలో మీసేవకు పరుగెత్తితే అందదు. ఇంకో మెలిక వయసులో ఉంది. కేవీ ఒకటో తరగతికి మార్చి 31 నాటికి ఆరేళ్లు నిండాలి. రాష్ట్ర బడుల్లో ఐదు నిండితే చేర్చుకుంటారు. ఐదేళ్లకే సర్కారు బడి ఒకటో తరగతిలో వేసిన పిల్లవాడిని మరుసటి ఏడు కేవీకి రాయించాలంటే మళ్లీ ఒకటో తరగతే. రెండో తరగతి నుంచి పైకి ఖాళీ ఉంటేనే చేర్చుకుంటారు, అదీ అరుదు. చాలామంది తల్లిదండ్రులు ఏడాది వృథా అనుకుని వెనక్కి తగ్గుతారు. పన్నెండో తరగతి వరకు పెద్దగా ఫీజు బెంగ లేని సీటు కోసం ఒక్క ఏడాది పోతే పోయిందనుకోవడంలో నష్టమేమీ లేదు. తెలుగు చదువు మీద పట్టుదల ఉన్నవాళ్లు మాత్రం ముందే ఆలోచించుకోవాలి. అక్కడ హిందీ, సంస్కృతం తర్వాతే తెలుగు.

కేంద్రం నడిపే నవోదయ రెసిడెన్షియల్ బడుల గురించి నగరవాసులు ఆశలు పెట్టుకోనక్కర్లేదు. మూడు వంతుల సీట్లు గ్రామీణ పిల్లలవి, పైగా హైదరాబాద్ జిల్లాకు నవోదయే లేదు. గచ్చిబౌలి దగ్గర గోపనపల్లిలో ఉన్నది రంగారెడ్డి జిల్లాది. 2024 డిసెంబర్‌లో తెలంగాణకు మంజూరైన ఏడు కొత్త నవోదయాల్లో మేడ్చల్-మల్కాజిగిరి ఉంది. రాష్ట్రంలోని 194 మోడల్ స్కూళ్లు వెనుకబడిన మండలాల కోసం పెట్టినవి, నగరానికి వాటితో పని లేదు.

ఇక అసలు సరుకు గురుకులాల్లో ఉంది. 1971లో సర్వేల్‌లో పి.వి. నరసింహారావు చొరవతో మొదలైన ఈ ఆలోచన తెలంగాణలో ఇప్పుడు చదువుల విధానానికి నడుమ స్తంభం. రాష్ట్రం ఏర్పడే నాటికి మూడు వందల లోపున్న గురుకులాలు దశాబ్దం తిరిగేసరికి వెయ్యి దాటాయి. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో మూడు వంతుల సీట్లు ఎస్సీలకు. గిరిజన గురుకులాలు వేరు. మహాత్మా జ్యోతిబా ఫూలే పేరుతో బీసీ గురుకులాలు. 2016లో 71తో మొదలై 204కు చేరిన మైనారిటీ గురుకులాల్లో నాలుగో వంతు సీట్లు మైనారిటీలు కానివాళ్లకు కూడా ఉన్నాయి, ఈ సంగతి నగరంలో చాలామంది హిందూ కుటుంబాలకు తెలియదు. పాతబస్తీ చుట్టుపక్కల ఉండేవాళ్లకు ఇది అన్నిటికన్నా దగ్గరి గురుకులం కావచ్చు.

మైనారిటీ గురుకులాల ప్రవేశాలు విడిగా జరుగుతాయి. మిగతా వాటికి ఐదో తరగతిలో చేరడానికి ఒకే ఉమ్మడి పరీక్ష. నాలుగో తరగతి చదువుతున్న పిల్లలు రాస్తారు. 100 మార్కులకు తెలుగు, ఇంగ్లిష్, గణితం, పరిసరాల విజ్ఞానం, కాస్త మెంటల్ ఎబిలిటీ. నోటిఫికేషన్ చలికాలంలో వస్తుంది, పరీక్ష ఫిబ్రవరిలో. పట్టణాల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 2 లక్షల రూపాయలు మించకూడదు, గ్రామాల్లో లక్షన్నర. నగరంలో ఇంటి అద్దె, ఇద్దరి సంపాదన లెక్కేస్తే 2 లక్షల గీత ఎప్పుడో పాతబడింది. ఇంటింటి పని చేసే తల్లి, డ్రైవరు తండ్రి కలిస్తే నిజం రాస్తే గీత దాటేస్తారు. అందుకే ఆదాయ సర్టిఫికెట్ మీద రాసే అంకె చాలా ఇళ్లలో అందరికీ తెలిసిన అబద్ధం. గీతను వాస్తవానికి దగ్గరగా జరపడం ప్రభుత్వానికి పెద్ద పనేమీ కాదు.

ఈ పరీక్షకు సిద్ధం చేసేది ఎవరు? సర్కారు ప్రాథమిక పాఠశాల టీచరే. సీటు వచ్చిన పిల్లల ఫొటోలతో మరుసటి జూన్‌లో ఫ్లెక్సీ కట్టుకునేదీ ఆ బడే. అంటే నాలుగో తరగతి దాటిన చురుకైన పిల్లలను పంపించేయడమే ఆ బడికి దక్కే గొప్ప పేరు. ఐదో తరగతి గది సగం ఖాళీ అవుతుంది, పిల్లల సంఖ్య 60 లోపు పడుతుంది, టీచర్ పోస్టు ఎగిరిపోతుంది. ప్రైవేటు పోటీ గురించి అందరూ మాట్లాడతారు గానీ, బస్తీ బడికి సర్కారే పెట్టిన పోటీ గురించి ఎవరూ మాట్లాడరు. గురుకులాలు వద్దని దీని అర్థం కాదు. అవి లేకపోతే చదువే ఆగిపోయే పిల్లలు వేలల్లో ఉన్నారు. కానీ రెండింటినీ నడిపేది ఒకే ప్రభుత్వమైనప్పుడు ఒకదానికి ఎరువు వేయడానికి మరో దాని మట్టి తీయడం ఎంత కాలం?

నగర కుటుంబాలకు గురుకులంలో వేరే ఇబ్బందులూ ఉన్నాయి. నగరంలో స్థలం దొరకదు. నియోజకవర్గానికో బీసీ గురుకులం అని మంజూరు చేసినప్పుడు నగర నియోజకవర్గాల పేరు మీద వచ్చిన కొన్ని శివార్లకు పోయాయి. అద్దె భవనాల్లో, మూతపడ్డ కాలేజీల్లో నడిచేవి చాలా ఉన్నాయి. 2024 అక్టోబర్‌లో దసరా సెలవుల తర్వాత పిల్లలు తిరిగొచ్చేసరికి అద్దె బకాయిల కోసం కొన్ని భవనాల యజమానులు గేట్లకు తాళాలు వేసిన సంగతి రాష్ట్రమంతా చూసింది. అదే ఏడు ఆహారం వికటించిన ఘటనలు వరుసగా వచ్చాక పిల్లల భోజనానికి ఇచ్చే డైట్ చార్జీలు 40 శాతం పెంచారు. సీటు వచ్చిందనగానే సంబరపడి సంతకం పెట్టకుండా, సొంత భవనమా అద్దె భవనమా, ఒక గదిలో ఎంతమంది, స్నానాల గదులు ఎన్ని, ఇంటి నుంచి ఎంత దూరం అనేవి ఒకసారి వెళ్లి చూసుకోవడం మంచిది. తొమ్మిది పదేళ్ల పిల్లను నెలకో ఆదివారం మాత్రమే చూడగలగడం అందరి వల్లా కాదు. ఏడ్చి తిరిగొచ్చేసే పిల్లలు మొదటి రెండు నెలల్లోనే వస్తారు, వాళ్లను తప్పు పట్టడానికి లేదు.

బస్తీ బడికీ గురుకులానికీ మధ్యస్తంగా సంక్షేమ హాస్టల్ ఉంది. ఉండటం, తినడం హాస్టల్‌లో, చదువు దగ్గరి సర్కారు హైస్కూల్లో. పేరు గురుకులమంత మోగదు కానీ పని మీద తిరిగే తల్లిదండ్రులకు ఇదే కుదురుతుంది. మధ్యలో చదువు మానేసిన, తల్లిదండ్రులు లేని ఆడపిల్లలకు ఆరో తరగతి నుంచి కస్తూర్బా విద్యాలయాలు ఉన్నాయి. వాటి ఉద్దేశం వేరు, అందరికీ కాదు.

ఆడపిల్లల విషయంలో గత రెండు మూడేళ్లలో ఒక మార్పు వచ్చింది, దాన్ని విద్యాశాఖ తేలేదు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు, ఆడపిల్లలకు ప్రయాణం ఉచితం. ఆరో తరగతి నుంచి ఇంటి పక్క బడిలోనే వేయాలన్న కట్టడి దీంతో కొంత వదులైంది. మూడు నాలుగు స్టాపుల అవతల పిల్లలు ఎక్కువగా ఉన్న, సైన్స్ టీచర్ ఖాళీ లేని హైస్కూలు ఉంటే ఇప్పుడు బస్సు ఖర్చు అడ్డం కాదు. మగపిల్లలకు ఈ వెసులుబాటు లేకపోవడం వేరే సంగతి.

ప్రభుత్వ డబ్బుతో ప్రైవేటు స్కూల్లో చదివే దారులు కూడా ఉన్నాయి. బెస్ట్ అవైలబుల్ స్కూల్స్ పథకం కింద ఎస్సీ, ఎస్టీ పిల్లలకు డ్రా తీసి ఎంపిక చేసిన ప్రైవేటు స్కూళ్లలో సీట్లు ఇస్తారు. హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో ఒకటో తరగతికి ఎస్టీ పిల్లల ఎంపిక కూడా ఇలాంటిదే. సీటు ఒకసారి వస్తే పెద్ద మలుపే. కానీ ప్రభుత్వం బకాయిలు పెట్టినప్పుడు స్కూలు యాజమాన్యం ఒత్తిడి తెచ్చేది తల్లిదండ్రుల మీదే, 2025లో ఈ పథకం కింద చదివే పిల్లల తల్లిదండ్రులు రోడ్డెక్కింది అందుకే. విద్యాహక్కు చట్టం చెప్పే 25 శాతం ప్రైవేటు సీట్లయితే తెలంగాణలో ఏళ్ల తరబడి కాగితం మీదే ఉండిపోయి కోర్టుల చుట్టూ తిరిగాయి.

సర్కారు హైస్కూల్లోనే ఉండిపోయిన పిల్లలకు దక్కే లాభాలు కొన్ని ఉన్నాయి, బడిబాట కరపత్రాల్లో వీటికి చోటు దొరకదు. ఎనిమిదో తరగతిలో రాసే ఎన్‌ఎంఎంఎస్ పరీక్షలో నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ వరకు ఏటా 12,000 రూపాయల స్కాలర్‌షిప్. కుటుంబ ఆదాయ పరిమితి మూడున్నర లక్షలు, అంటే నగరవాసులకు అందేంత దూరంలోనే ఉంది. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకే ఇది, గురుకులాలవాళ్లకు, కేవీ, నవోదయ వాళ్లకు లేదు. బాసర ట్రిపుల్ ఐటీలో ప్రవేశాలు పదో తరగతి మార్కుల మీదే, అందులో హాస్టల్ వసతి లేని ప్రభుత్వ బడుల పిల్లలకు అదనపు స్కోరు కలుపుతారు. సర్కారు హైస్కూల్లో తొంభై శాతం దగ్గర ఉన్న అమ్మాయి, కార్పొరేట్ స్కూల్లో అంతకన్నా ఎక్కువ తెచ్చుకున్న అబ్బాయిని దాటి ఆరేళ్ల ఇంజినీరింగ్ సీటు పొందగలదు. ఎనిమిదో తరగతిలో ప్రైవేటు స్కూలు ఫీజు మోయలేక ఊగిసలాడే తల్లిదండ్రులకు ఈ రెండు ముక్కలు చెబితే, వంద ఫ్లెక్సీలు చేయలేని పని అవుతుంది.

ఇవన్నీ పై మెట్ల సంగతులు. కింది మెట్టు దగ్గర 2025-26లో ఒక చిన్న అడుగు పడింది. కొన్ని సర్కారు ప్రాథమిక పాఠశాలల్లో ప్రీ-ప్రైమరీ తరగతులు మొదలుపెట్టారు. కేవీల్లో కొన్నింటిలో బాలవాటిక పేరుతో ఇలాంటి తరగతులు అప్పటికే ఉన్నాయి. దీనికి అంగన్‌వాడీల నుంచి సహజంగానే అభ్యంతరం ఉంది, పిల్లలు ఇటు వస్తే తమ కేంద్రాలు ఖాళీ అవుతాయని. ఆ గొడవను తేల్చడానికి రెండింటినీ ఒకే ఆవరణలోకి తెచ్చే దారి ఒకటుంది, చాలా బడుల్లో అంగన్‌వాడీ ఎలాగూ పక్క గదిలోనే నడుస్తోంది. లేకపోతే ఒకే ఆవరణలో రెండు శాఖలు నాలుగేళ్ల పిల్లల కోసం పోటీ పడటం మిగులుతుంది. తల్లిదండ్రులు అడిగేది మాత్రం చాలా మామూలు సంగతులు. పిల్లను పొద్దున తొమ్మిదికి వదిలి సాయంత్రం దాకా ఉంచుకుంటారా, యూనిఫాం ఉంటుందా, ఏబీసీడీలు నేర్పుతారా, ఆమె కోసం ప్రత్యేకంగా ఒక మేడం ఉంటారా. ఈ చివరిదానికి కొత్తగా ఒక మనిషిని వేయకుండా, ఐదు తరగతులు చూస్తున్న ఆ ఇద్దరు టీచర్లకే నర్సరీని కూడా అప్పగిస్తే ఎదురింటి స్కూలుకు ఇంకో రెండు సెక్షన్లు పెరుగుతాయి. మనిషిని వేసిన చోట ఫలితం తెలియడానికి పెద్ద సర్వేలు అక్కర్లేదు. ప్రీ-ప్రైమరీలో చేరినవాళ్లలో ఎంతమంది రెండేళ్ల తర్వాత అదే బడి ఒకటో తరగతి అడ్మిషన్ రిజిస్టర్‌లో ఉన్నారో చూస్తే చాలు.